గురువారం నాటి అంతరాయం గురించి తల్లిదండ్రులకు లేఖ

గౌరవనీయులైన తల్లిదండ్రులకు నమస్కారం.

గురువారం మధ్యాహ్నం మన పై తరగతుల పిల్లలు ఒక ఖగోళ శాస్త్ర పరిశోధకురాలితో వీడియోలో మాట్లాడుతుండగా ఆమె ముఖం తెర మీద కదలక నిలిచిపోయి, మాట తునకలు తునకలుగా వినిపించి, ఇరవై నిమిషాలకే కార్యక్రమాన్ని ఆపవలసి వచ్చిన సంగతి ఆ సాయంత్రానికే మీ అందరికీ తెలిసింది. దానితో పాటు జరగని సంగతులు కూడా కొన్ని ప్రచారంలోకి వచ్చాయి. కొత్తగా వేయించిన ఫైబర్ లైను నాసిరకమని కొందరు, పిల్లలు ఎవరికి వారు ఆటలు ఆడుకుంటూ కూర్చున్నారని కొందరు అన్నారు. బడికి ఇంత వేగంగల ఇంటర్నెట్ ఎందుకని మరికొందరు అడిగారు. ఈ చివరి ప్రశ్నకు సంతోషంగా జవాబు చెబుతాను. మొదటి రెండు మాటలకు మాత్రం ఆ రోజు రౌటర్‌లో నమోదైన వివరాలే చాలు.

మన కంప్యూటర్ గదిలో ఉన్నవి 30 యంత్రాలు. గురువారం మూడు గంటల వేళ మన వైఫైకి తగులుకుని ఉన్న పరికరాలు 148. ఉపాధ్యాయులకు మాత్రమే ఇచ్చిన పాస్‌వర్డ్ ఒక ఇంటికి చేరి, అక్కడి నుంచి ఒక తరగతి తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులోకి వెళ్లింది. పదిమందికీ పనికొస్తుందనే సదుద్దేశంతోనే పెట్టి ఉంటారని నమ్మడానికి ప్రయత్నిస్తున్నాను. పిల్లలను తీసుకువెళ్లడానికి కాస్త ముందుగా వచ్చి గేటు దగ్గర నిలబడిన వారిలో కొందరు వీడియోలు చూశారు. చూడని వారి ఫోన్లు కూడా ఊరికే ఉండలేదు, ఎందుకంటే వైఫై దొరకగానే ఫోటోలన్నీ వాటంతటవే ఆన్‌లైన్‌లో భద్రపరచుకునేలా చాలా ఫోన్లు అమర్చి ఉంటాయి. మన లైనులో డౌన్‌లోడ్ వేగం, అంటే బయటి నుంచి మనకు వచ్చేది, 100 ఎంబీపీఎస్ (సెకనుకు 100 మెగాబిట్లు) అయితే అప్‌లోడ్ వేగం, అంటే ఇక్కడి నుంచి బయటికి వెళ్లేది, 20 మాత్రమే. ఆ ఇరవై కాస్తా మీ కుటుంబ ఫోటోలతో నిండిపోయింది. అప్‌లోడ్ నిండితే డౌన్‌లోడ్ కూడా కుంటుపడుతుంది. అవతలి నుంచి వచ్చిన సమాచారం అందిందని ఇటు నుంచి వెళ్లవలసిన చిన్న చిన్న జవాబులు అదే వరుసలో చిక్కుకుపోవడంతో అటువైపు యంత్రం కూడా పంపే వేగాన్ని తగ్గించుకుంటుంది. లైనులో ఏ లోపమూ లేదు.

ఇక, బడికి ఈ వేగం ఎందుకన్న ప్రశ్న. మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ తన పాఠ్య సామగ్రిని అందరికీ ఉచితంగా ఇంటర్నెట్‌లో ఉంచుతానని 2001లో ప్రకటించినప్పుడు, టెలిఫోన్ తీగ మీద 56 కేబీపీఎస్ (సెకనుకు 56 కిలోబిట్లు) మోడెమ్‌తో 300 మెగాబైట్ల ఉపన్యాసం ఒక్కటి దింపుకోవాలంటే దాదాపు 12 గంటలు పట్టేది. అదే ఉపన్యాసం మన లైనులో, దారి ఖాళీగా ఉంటే, అర నిమిషంలోపే వస్తుంది. తలుపు అందరికీ తెరిచే ఉన్నా లోపలికి వెళ్లగలిగినవారు కొందరే అయిన ఆ రోజులు పూర్తిగా పోలేదని 2020లో మనం చూశాం. బడులు మూతపడి ప్రపంచమంతటా దాదాపు 160 కోట్ల మంది విద్యార్థుల చదువుకు ఆటంకం కలిగిందని యునెస్కో లెక్క చెప్పింది. అప్పుడు మంచి లైను ఉన్న ఇంటి పిల్లలు పాఠం విన్నారు, లేని ఇంటి పిల్లలు ఎదురుచూశారు. ఇంట్లో ఆ సౌకర్యం లేని పిల్లలకు బడిలోనైనా అది ఉండాలన్నదే నా పట్టుదల. అయితే కేవలం చూడడానికే అయితే ఇంత వేగం అక్కరలేదు. ముప్పై మంది ఒకే వీడియోను విడివిడిగా, ఒక్కొక్కరూ 3 ఎంబీపీఎస్ చొప్పున చూస్తే 90 ఎంబీపీఎస్ ఖర్చవుతుంది కనుక, మా ఉపాధ్యాయులు దాన్ని ముందే ఒకసారి దింపి, గదిలోని సర్వర్ నుంచి చూపిస్తున్నారు. నేను అడుగుతున్నది అప్‌లోడ్ వేగం. పిల్లలు ప్రశ్న అడగాలి, తాము చేసిన ప్రయోగం చూపించాలి, తప్పు చెప్పి దిద్దించుకోవాలి. ఇవన్నీ ఇటు నుంచి అటు వెళ్లవలసినవి. డౌన్‌లోడ్‌తో సమానమైన అప్‌లోడ్ ఉండే లైను కావాలని యాజమాన్య కమిటీకి రెండుసార్లు రాశాను, మూడోసారీ రాస్తాను.

చూపు లేని మన పదో తరగతి విద్యార్థి సంగతి చెప్పకుండా ఉండలేను. తెర మీది అక్షరాలను చదివి వినిపించే స్క్రీన్ రీడర్ సాయంతో చదువుకునే ఈ అబ్బాయి, తనకు పంపిన నోట్సులో సగం కాగితాలను ఫోటో తీసి పంపినవేననీ, ఫోటోలోని అక్షరాలను తన సాఫ్ట్‌వేర్ చదవలేకపోతోందనీ ఎంతో మర్యాదగా మాకు తెలియజేశాడు. ఆ తర్వాత మా ఉపాధ్యాయులందరూ, నాతో సహా, నోట్సు టైపు చేయడం నేర్చుకున్నారు. గురువారం మొదటి ప్రశ్న అడిగినదీ అతడే. జవాబు సగంలో ఆగిపోయింది. ఎనిమిదో తరగతి అమ్మాయి ఒకరు చిల్లుపెట్టిన సీసాలోంచి వంపు తిరిగి పడుతున్న నీటి ధారలోకి లేజర్ కాంతిని పంపి, కాంతి ఆ ధార వెంటే వంగి వెళ్లడం ప్రార్థనా సమావేశంలో చూపించింది. ఫైబర్ లైనులోని గాజు పోగులో మన పాఠాలు ప్రయాణించేది ఇలాగేననీ, స్వచ్ఛమైన గాజులో కాంతిని చాలా దూరం పంపవచ్చని 1966లోనే చెప్పిన చార్ల్స్ కావ్‌కు 2009లో నోబెల్ బహుమతి వచ్చిందనీ కాగితం చూడకుండా వివరించింది. ఆ రోజు నా కళ్లు చెమర్చాయని దాచడం దేనికి!

సాయంత్రం ఐదున్నర నుంచి ఏడున్నర వరకు కంప్యూటర్ గది చదువు మధ్యలో మానిన వారి కోసం తెరిచే ఉంటుంది. మన పూర్వ విద్యార్థి ఒకరు పగలు పని చేసుకుంటూ సాయంత్రం ఇక్కడ ఎలక్ట్రికల్ వైరింగ్ పాఠాలు వింటున్నారు. తీగ పట్టుకునే పని మాత్రం తెర మీద రాదు కాబట్టి శనివారాలు వర్క్‌షాపుకు వెళ్తున్నారు. మీ ఇంట్లో అలాంటి వారుంటే దయచేసి పంపండి.

ఇక ఇంటి సంగతులు. రాత్రి పదకొండు తర్వాత ‘పాఠం చూస్తున్నాను’ అని చెప్పే పిల్లవాడు పాఠమే చూస్తున్నాడో లేదో ఒక్కసారి పక్కన కూర్చుని చూడవలసిందిగా కోరుతున్నాను; అలాంటి పాఠాలు విన్నవారు మరునాడు మొదటి పీరియడ్‌లో నిద్రపోతున్నారు. ఇంటి నుంచి ఆన్‌లైన్ తరగతికి వచ్చే పిల్లల వెనుక టీవీ సీరియల్ సంభాషణలు మాకు స్పష్టంగా వినిపిస్తున్నాయి, కథ కూడా కొంత అర్థమవుతోంది. ఆన్‌లైన్‌లో సమర్పించిన ఇంటిపనిలో కొన్నిచోట్ల తల్లిదండ్రుల చేతిరాత చాలా అందంగా ఉందని తెలుగు ఉపాధ్యాయురాలు మెచ్చుకున్నారు. ఉపాధ్యాయులకు రాత్రి తొమ్మిది దాటాక సందేశాలు పంపకపోతే వారు కూడా సంతోషిస్తారు.

యూనిట్ పరీక్షలు సోమవారం మొదలవుతాయి, గ్రంథాలయ పుస్తకాలు శుక్రవారంలోగా తిరిగి ఇవ్వాలి, గుర్తింపు కార్డుల ఫోటోలు ఇంకా ఇవ్వనివారు ఇవ్వండి.

పాస్‌వర్డ్ మార్చాం. ఇకపై నమోదు చేసిన పరికరాలకు మాత్రమే వైఫై అందుతుంది, వీడియో తరగతులకు కొంత వేగాన్ని ప్రత్యేకంగా కేటాయించాం. పరిశోధకురాలు పెద్ద మనసుతో వచ్చే గురువారం మధ్యాహ్నం రెండున్నరకు మళ్లీ మాట్లాడేందుకు ఒప్పుకున్నారు. మన పదో తరగతి విద్యార్థికి ఇవ్వవలసిన మిగతా సగం జవాబుతోనే మొదలుపెడతానని చెప్పారు. ఆ సమయంలో గేటు దగ్గర ఉండే పెద్దలు తమ సొంత డేటా వాడుకోగలరు.

నమస్కారాలతో,
ప్రధానోపాధ్యాయురాలు