వాయించడం వచ్చినంత మాత్రాన నేర్పడం రాదు

సంపాదకులకు,

వయొలిన్ బాగా వాయిస్తే చాలు, ప్రైవేటుగా పాఠాలు చెప్పుకుని బతికేయవచ్చని చాలామంది ధీమా. మొదటి విద్యార్థి వాద్యం పట్టుకుని వచ్చిన రోజే అసలు సంగతి బయటపడుతుంది. పిల్లలు ఎదుగుతారు కదా అని తల్లిదండ్రులు ఒక సైజు పెద్దది కొంటారు. భుజం మీద పెట్టి ఎడమ చెయ్యి చాపితే, వేళ్లు వాద్యం కొసను తేలిగ్గా చుట్టుకోవాలి. అలా అందకపోతే మణికట్టు లోపలికి కుంగుతుంది, చిటికెనవేలు చేరక శ్రుతి తగ్గి పలుకుతుంది. అప్పుడు పిల్లవాడికి స్వరజ్ఞానం లేదనేస్తారు పాపం!

శ్రుతి చేసేటప్పుడు తీగను బిగించే బిరడా తిప్పిన కొద్దీ, తీగలను ఎత్తి పట్టే చెక్కముక్క, అంటే బ్రిడ్జి, పైఅంచును తీగ ముందుకు లాగుతుంది. ఆ వాలును రెండు చేతులతో మెల్లగా సరిచేస్తూ ఉండాలి. పట్టించుకోకపోతే బ్రిడ్జి వంగిపోతుంది, లేదా ఠక్కున పడిపోతుంది. తీగలు మార్చాలంటే ఒక్కొక్కటే మార్చాలి. నాలుగూ ఒకేసారి విప్పితే బ్రిడ్జి ఊడటమే కాదు, వాద్యం లోపల నిలబెట్టిన చిన్న కర్ర, సౌండ్‌పోస్ట్, కూడా పడిపోవచ్చు. దాన్ని నిలబెట్టడం మరమ్మతు తెలిసినవారి పని. తీగల మీద రాసి వాయించే కమాను వెంట్రుకలను సాధన ముగియగానే వదులు చేయాలి.

పసిపిల్లలకు 30 నిమిషాల పాఠం చాలు. మొదట్లో కమాను పట్టు, వేళ్లు ఆనించని ఖాళీ తీగల మీద నిటారు గీత, అంతే. పాట కోసం తొందరపడితే బిగుసుకున్న బొటనవేలును సడలించడానికి నెలలు పడుతుంది. ఫీజు నెల ముందుగా తీసుకోవడం, మానేసిన పాఠానికి నియమం ఏమిటో మొదటి రోజే కాగితం మీద రాసివ్వడం మంచిది. మొహమాటపడితే నెలాఖరున పేచీలు తప్పవు.

— ఒక వయొలిన్ ఉపాధ్యాయిని