ఇంటిపని వాట్సాప్‌లో, ఫోను తండ్రి చేతిలో

సంపాదకులకు నమస్కారం.

మా మనవరాలు ఆరో తరగతి చదువుతున్న పాఠశాలలో డైరీ రాయించడం మానేసి, ఇంటిపనిని రాత్రి 7 దాటాక వాట్సాప్ గ్రూపులో పెడుతున్నారు. మందస మండలంలోని మా కొండవార ఊళ్లలో చాలా ఇళ్లకు ఒక్కటే స్మార్ట్‌ఫోను. తండ్రి వలస పనికి విశాఖపట్నమో చెన్నైయో వెళ్తే అదీ ఆయనతోపాటే వెళ్లిపోతుంది. మొన్న మా పిల్ల సిగ్నల్ కోసం డాబా మీద ఫోను ఎత్తి పట్టుకుని అరగంట నిలబడితే, తీరా దిగిన ఫొటోలో మూడో లెక్క అంకెలు నీడలో పడి కనబడలేదు. ఆ లెక్క చేయలేదని మర్నాడు తరగతిలో నిలబెట్టారు. తప్పు ఆ బిడ్డదా?

సాంకేతికతకు నేను వ్యతిరేకిని కాను. 2022 డిసెంబరులో ప్రభుత్వం 8వ తరగతి విద్యార్థులకు ట్యాబ్‌లు ఇచ్చినప్పుడు మనసారా సంతోషించాను. పాఠ్యపుస్తకంలోని క్యూఆర్ కోడ్‌తో దీక్షా యాప్‌లో తెరుచుకునే పాఠాలను ముందే డౌన్‌లోడ్ చేసుకుంటే నెట్ లేకున్నా చూడవచ్చు కనుక, ఉపాధ్యాయులు వాటిని తరగతిలోనే చూపించి, అక్కడికక్కడే పిల్లల చేత సమాధానాలు రాయిస్తే ఏ ఇంట్లో ఫోను ఉందో లేదో అన్న ప్రశ్నే రాదు.

ఇంటిపనిని చివరి గంట కొట్టకముందే నోటుపుస్తకంలో రాయించాలని, వాట్సాప్ సందేశాన్ని గుర్తుచేయడానికి మాత్రమే వాడాలని, ఫోను లేదన్న కారణంతో మార్కులు తగ్గించరాదని జిల్లా విద్యాశాఖాధికారి అన్ని పాఠశాలలకూ ఆదేశాలివ్వాలని కోరుతున్నాను.

– ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, మందస మండలం, శ్రీకాకుళం జిల్లా