మండదు కాబట్టి ప్రమాదం తప్పిందని రాయకండి

ఎడిటర్ గారికి నమస్కారం.

మొన్న మీ జిల్లా పేజీలో ఒక చిన్న వార్త వచ్చింది. సాల్వెంట్, అంటే సరుకుని కరిగించే ద్రావకం, తీసుకెళ్లే ట్యాంకర్ ఒకటి హైవే పక్కకి ఒరిగిపోయింది, కొంత కారిపోయింది, పోలీసులు వచ్చి ట్రాఫిక్ మళ్లించారు, చివర్లో మాత్రం అది మండే రసాయనం కాదు కాబట్టి పెను ప్రమాదం తప్పింది అని ముగించారు. రాసిన విలేకరి మీద నాకు కోపమేమీ లేదు. అదే మాట నేనూ ఇరవై ఏళ్లు నమ్మాను, నా షిఫ్టులో పనిచేసిన కుర్రాళ్లకి నేర్పాను కూడా. ఇప్పుడు రిటైరై ఇంట్లో కూర్చున్నాక, తీరిగ్గా చదువుకున్నాక, ఎంత తప్పు నేర్పానో తెలుస్తోంది. అందుకే ఈ ఉత్తరం, కొంచెం పొడుగైనా ఓపికగా చదవండి.

వార్తలో ఆ రసాయనాన్ని డైక్లోరోమీథేన్ అన్నారు. పేరు సరైనదే గానీ మందుల ముడిసరుకు తయారుచేసే బల్క్ డ్రగ్ కంపెనీల్లో దాన్ని అలా ఎవరూ పిలవరు, ఎండీసీ అంటారు, మిథిలీన్ డైక్లోరైడ్‌కి పొట్టి పేరు. జీడిమెట్ల, బొల్లారం, పాశమైలారం, అటు పరవాడ, అచ్యుతాపురం, పైడిభీమవరం, ఎక్కడ అడిగినా ఎండీసీ అంటే హెల్పర్‌కి కూడా తెలుస్తుంది. రియాక్షన్ అయ్యాక సరుకుని నీళ్లలోంచి లాగడానికి, లేయర్లు విడదీయడానికి, కడగడానికి అన్నిటికీ అదే. 40 డిగ్రీలకే మరిగిపోతుంది కాబట్టి తర్వాత తీసేయడం తేలిక, రికవరీ చేసి మళ్లీ వాడుకోవచ్చు. పైగా మంటల భయం లేదు. మిథనాల్, టోలీన్, అసిటోన్ దగ్గర స్టాటిక్ కరెంటుకి కూడా భయపడి ఎర్తింగ్ క్లిప్పులు, నైట్రోజన్ బ్లాంకెట్లు అంటూ నానా టెన్షన్ పడే మేము ఎండీసీ దగ్గరికి వచ్చేసరికి చల్లబడిపోయేవాళ్లం. చేతికి గ్రీజు అంటితే ఎండీసీలో ముంచిన గుడ్డతో తుడుచుకునేవాళ్లు మా దగ్గర, నేనూ తుడుచుకున్నాను.

ఎందుకలా అంటే మాకు కనిపించే బోర్డు అలా ఉంటుంది. ట్యాంక్ ఫామ్‌లో ప్రతి ట్యాంకు మీదా నాలుగు రంగుల డైమండ్ ఉంటుంది కదా, నీలం ఆరోగ్యానికి, ఎరుపు మంటకి, పసుపు పేలుడు గుణానికి, సున్నా నుంచి నాలుగు దాకా అంకె పెరిగితే ముప్పు ఎక్కువని. ఎండీసీకి అందులో నీలం 2, ఎరుపు 1, పసుపు 0. పక్క ట్యాంకులో అసిటోన్‌కి ఎరుపు 3. చూసినవాడు ఏమనుకుంటాడు? ఎండీసీ సాధు జంతువు అనుకుంటాడు. అయితే ఆ డైమండ్ అమెరికాలో అగ్నిమాపక సిబ్బంది కోసం పెట్టుకున్న గుర్తు. ప్రమాదం జరిగిన ఆ కాసేపట్లో ఏమవుతుందన్నదే అది చెబుతుంది. రోజూ ఎనిమిది గంటల చొప్పున పదిహేనేళ్లు పీలిస్తే ఏమవుతుందన్నది దాని పని కాదు. ఈ సంగతి నాకు ఏ ట్రైనింగ్‌లోనూ ఎవరూ చెప్పలేదు.

ఇక మిగతా వాళ్లు దీన్ని ఏ తరగతిలో పెట్టారో చూడండి. రవాణా నియమాల ప్రకారం ఇది 6.1 తరగతి, అంటే విష పదార్థం, నంబరు యూఎన్ 1593, ట్యాంకర్ మీద పుర్రె బొమ్మ ఉండాలి. అంటే రోడ్డు మీద పుర్రె, కంపెనీ గేటు దాటి లోపలికొస్తే నీలం 2! యూరప్ వాళ్లు క్యాన్సర్ కలిగిస్తుందని అనుమానమున్న రెండో కేటగిరీలో పెట్టారు, లేబుల్ మీద ప్రమాదం అనే పెద్ద మాట కూడా కాదు, హెచ్చరిక అన్న చిన్న మాటే. ప్రపంచ ఆరోగ్య సంస్థ కింద ఉండే క్యాన్సర్ పరిశోధన సంస్థ ఐఏఆర్‌సీ 1999లో దీన్ని 2బీ అంది, అంటే క్యాన్సర్ రావచ్చేమో అని. 2014లో 2ఏకి పెంచింది, వచ్చే అవకాశం బాగానే ఉంది అని. దీని అన్న లాంటిది ట్రైక్లోరోఇథిలీన్, ఇనుప సామాను జిడ్డు వదిలించడానికి వాడేది, అది 1995లో 2ఏలో ఉండి 2012లో ఒకటో గ్రూపుకి వెళ్లింది, ఇక సందేహం లేదు అన్నమాట. ఎండీసీ కూడా అలాగే ఎక్కుతుందని నేననను, ఆ చదువు నాది కాదు. ఈ గ్రూపులు రాతి మీద గీతలు కావని మాత్రం చెబుతున్నాను.

ఇక్కడ ఎవరో ఒకరు లేచి, ఎర్ర మాంసం కూడా 2ఏలోనే ఉంది, 65 డిగ్రీలు దాటిన వేడి టీ కూడా అందులోనే ఉంది, మరి టీ మానేస్తావా అంటారు. మా పాత మేనేజర్ ఒకాయన ఈ మాట మీటింగుల్లో తెగ వాడేవాడు, అందరూ నవ్వేవాళ్లు. నిజమే, అవి కూడా అందులోనే ఉన్నాయి. ఆ గ్రూపు చెప్పేది సాక్ష్యం ఎంత గట్టిగా ఉందని, ఎంత మోతాదుకి ఎంత ముప్పు అని కాదు. మోతాదు సంగతి తేలాలంటే గాలిని కొలవాలి. సరే, కొలుద్దాం రండి సార్ అని ఆయన్ని అడిగే ధైర్యం అప్పుడు నాకు లేకపోయింది.

2014లో దీన్ని ఎందుకు పెంచారో చెబుతాను. జపాన్‌లో ఒసాకాలో ఒక ప్రింటింగ్ కంపెనీ, గాలి సరిగా ఆడని గదిలో రోలర్ల మీద ఇంకు తుడవడానికి సాల్వెంట్ గుడ్డలు వాడేవాళ్లు. అక్కడ పనిచేసిన 17 మందికి పిత్తవాహిక క్యాన్సర్ వచ్చినట్టు తేలింది. ఆ జబ్బు మామూలుగా పెద్ద వయసులో వచ్చేది, అదీ అరుదు. వీళ్లేమో వయసులో ఉన్నవాళ్లు, 45 లోపు వాళ్లే. 2012లో ఈ సంగతి బయటపడింది. అక్కడ అసలు ముద్దాయి 1,2-డైక్లోరోప్రొపేన్ అని తేల్చారు, దాన్ని నేరుగా ఒకటో గ్రూపులో పెట్టారు. ఎండీసీ కూడా వాళ్లలో చాలామంది వాడారు గానీ రెండూ కలిసి వాడటం వల్ల విడదీసి చెప్పడం కష్టమైంది. జంతువుల్లో సాక్ష్యం మాత్రం గట్టిగా ఉంది, అందుకని 2ఏ. న్యాయంగానే ఉంది కదా, ఎక్కువా చెప్పలేదు, తక్కువా చెప్పలేదు.

క్యాన్సర్ ఎప్పుడో వచ్చేది అనుకుంటే, ఆ పూటకి చంపే గుణం కూడా దీనికుంది. అమెరికాలో పాత బాత్‌టబ్బుల మీద రంగు గీకే పనివాళ్లు 2000 నుంచి 2011 లోపు 13 మంది ఆ బాత్‌రూముల్లోనే చనిపోయారు. ఆ రంగు వదిలించే ద్రావకంలో ఉన్నది ఎండీసీయే. దీని ఆవిరి గాలికి దాదాపు మూడింతలు బరువు, టబ్బులో నీళ్లలాగా నిలబడుతుంది, వంగి గీకేవాడి ముఖం అందులోనే ఉంటుంది. 1980 నుంచి లెక్కేస్తే కనీసం 88 మంది పోయారని అమెరికా పర్యావరణ సంస్థ 2024లో చెప్పింది, చెప్పి చాలా వాడకాల్ని ఆపేసి, మిగిలిన చోట్ల గాలిలో 2 పీపీఎం, అంటే పది లక్షల పాళ్ల గాలిలో రెండు పాళ్లు, మించకూడదని గీత గీసింది. మందుల తయారీ ఆ చట్టం కిందికి రాదు, అది వేరే సంగతి. అక్కడి కార్మిక శాఖ పరిమితి 1997 నుంచి 25 పీపీఎం, అంతకుముందు 500 ఉండేది. 500 నుంచి 25, అక్కడి నుంచి 2. నేను ఉద్యోగంలో చేరిన రోజుల్లో క్షేమం అనుకున్న గాలికీ ఈనాటి గాలికీ ఎంత తేడానో చూడండి.

ముక్కు చెబుతుందిలే అనుకోకండి. ఎండీసీ తియ్యటి వాసన మనిషికి తెలిసేసరికి గాలిలో 150, 200 పీపీఎం దాకా ఉంటుంది. వాసన వస్తోంది అంటేనే 25 ఎప్పుడో దాటిపోయిందని అర్థం. మా ప్రొడక్షన్ బ్లాకులో వాసన రాని రోజు నాకు గుర్తు లేదు. మొన్న కూర్చుని లెక్క వేశాను, పది మీటర్లు పొడవు, పది వెడల్పు, నాలుగు ఎత్తు ఉన్న గదిలో ఒకే ఒక్క లీటరు ఒలికి, గాలి కదలకుండా అంతా ఆవిరైతే 950 పీపీఎం దాకా వస్తుంది. ఒక్క లీటరు! మేము 200 లీటర్ల డ్రమ్ములు బిరడా తిప్పి తెరిచేవాళ్లం. మే నెలలో మన దగ్గర 42, 43 డిగ్రీలు, అది మరిగేది 40కి, షెడ్డు బయట పెట్టిన డ్రమ్ము పొట్ట ఉబ్బి ఉండేది, బిరడా తిప్పగానే బుస్సుమని ముఖం మీదికి కొట్టేది.

అలాంటి ఒక మే నెలలోనే మా హెల్పర్ ఒకడు సెంట్రిఫ్యూజ్‌లోంచి తడి సరుకు తీస్తూ పడిపోయాడు. గిరగిరా తిప్పి సరుకులోని ద్రవాన్ని పిండేసే యంత్రం అది. అన్‌లోడింగ్ అంటే బౌల్‌లోకి నడుము దాకా వంగి చిన్న పారతో తోడాలి. పదిహేను నిమిషాలయ్యాక వాడు తాగినవాడిలా నవ్వడం, ముద్దముద్దగా మాట్లాడటం మొదలెట్టాడు, పక్కవాళ్లు కూడా నవ్వారు. తర్వాత బౌల్ అంచు మీదికి వాలిపోయాడు. బయటికి లాగి గాలికి పడుకోబెట్టి, ఓఆర్‌ఎస్ తాగించి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాం. వేలికి పెట్టే మిషన్‌లో ఆక్సిజన్ 98 చూపించింది, డాక్టరు వడదెబ్బ అని రాశాడు, మేము ఊపిరి పీల్చుకున్నాం. ఎండీసీ ఒంట్లోకి వెళ్లాక కొంత కార్బన్ మోనాక్సైడ్‌గా మారుతుందని, అంటే బొగ్గుల కుంపటి పెట్టుకుని తలుపులు మూసుకున్నవాడి రక్తంలో చేరే అదే విషమని, కొవ్వులో దాక్కున్నది కాస్త కాస్తగా వస్తుంటుంది కాబట్టి బయటికి లాగాక కూడా కొన్ని గంటలు ఆ విషం తయారవుతూనే ఉంటుందని, ఆ వేలి మిషన్‌కి ఆక్సిజన్‌కీ కార్బన్ మోనాక్సైడ్‌కీ తేడా తెలియదని నాకు తెలిసింది మొన్న మొన్ననే. ఆ కుర్రాడు మర్నాడు డ్యూటీకి వచ్చాడు. నేనే రమ్మన్నాను.

క్లోరిన్ సాల్వెంట్ల విషం అప్పటి ఫ్యాక్టరీల చట్టం మూడో షెడ్యూల్లో తప్పక తెలియజేయాల్సిన జబ్బుల జాబితాలో ఉండేది. డాక్టరు ఆ మాట రాసి ఉంటే చీఫ్ ఇన్‌స్పెక్టర్‌కి రిపోర్టు వెళ్లాల్సి వచ్చేది. వడదెబ్బ అన్నాడు కాబట్టి ఎక్కడికీ వెళ్లక్కర్లేకపోయింది.

భోపాల్ తర్వాత 1989లో ప్రమాదకర రసాయనాల తయారీ, నిల్వ, దిగుమతి నియమాలు వచ్చాయి. అందులో రసాయనాల పేర్ల జాబితా వేరే ఉంది, నేను చెప్పేది ఏది ప్రమాదకరమో తేల్చే కొలతల గురించి. వెంటనే చంపే విషమా, మండుతుందా, పేలుతుందా, ఆ కొలతలు అడిగేవి ఇవే. భోపాల్ చూసినవాళ్లు అలా రాసుకోవడం సహజమే, తప్పు పట్టను. ఏళ్ల తరబడి పీల్చేవాడి లివర్ గురించిన ప్రశ్న మాత్రం అందులో లేదు. రసాయనాల ముప్పుని బట్టి లేబుల్ వేయడానికి చాలా దేశాలు వాడుతున్న జీహెచ్‌ఎస్ వర్గీకరణలో ఆ ప్రశ్న ఉంది, మన దగ్గర అది అన్నిటికీ తప్పనిసరి కాలేదు. ఎక్స్‌పోర్ట్ డ్రమ్ముకి ఆ లేబుల్ శుభ్రంగా అంటిస్తారు, ఎందుకంటే అక్కడి కస్టమర్ అడుగుతాడు. లోపల మన హెల్పర్ ముట్టుకునే డ్రమ్ము మీద మార్కర్ పెన్నుతో ఎండీసీ అని మూడు అక్షరాలు.

నన్ను ఎక్కువగా బాధపెట్టేది ఒకటుంది. మందులో ఎండీసీ 600 పీపీఎం దాటకూడదు, అది అంతర్జాతీయ నియమం, ప్రతి బ్యాచ్ గ్యాస్ క్రొమటోగ్రఫీ అనే పరీక్ష చేసే జీసీ మిషన్‌లో పెట్టి చూస్తాం, దాటితే బ్యాచ్ ఆపేస్తాం, ఆడిటర్ వస్తే ఆ గ్రాఫులన్నీ వరుసగా చూపిస్తాం. గాలిలో పీపీఎంకీ మాత్రలో పీపీఎంకీ లెక్క వేరే, తెలుసు. నేను అడిగేది ఇంతే, మాత్ర మింగేవాడి కోసం అంత ఖరీదైన మిషన్ కొన్న కంపెనీలో ఆ మాత్ర తయారుచేసేవాడి కాలర్‌కి పెట్టి వాడు పీల్చే గాలిని కొలిచే చిన్న పంపు నా సర్వీసులో ఒక్కసారీ ఎందుకు కనిపించలేదు? మాకిచ్చిన నైట్రైల్ గ్లౌజుల్లోంచి ఎండీసీ రెండు మూడు నిమిషాల్లో లోపలికి దిగిపోతుంది, ముక్కుకి పెట్టుకునే బొగ్గు క్యాట్రిడ్జి త్వరగా నిండిపోతుందని అమెరికాలో దీనికి పైపుతో బయటి గాలి ఇచ్చే మాస్కులే వాడమంటారు. మేము గ్లౌజు, మాస్కు ఉన్నాయి కదా అని సేఫ్టీ చెక్‌లిస్టులో టిక్కు పెట్టేవాళ్లం.

కంపెనీలు మూసేయమని అనడం లేదు, మా వాడు కూడా అక్కడే పనిచేస్తున్నాడు. ఎండీసీ బదులు ఇథైల్ అసిటేట్ లాంటివి పనికొచ్చే చోట మార్చవచ్చు, కుదరని చోట సెంట్రిఫ్యూజ్‌లోకి మనిషి వంగే పని లేని మిషన్లున్నాయి, అన్నిటికన్నా ముందు గాలి కొలిచి ఆ అంకెని తెలుగులో, హిందీలో, ఒడియాలో గోడ మీద రాయొచ్చు. హెల్పర్లలో చాలామంది ఇప్పుడు హిందీ, ఒడియా వాళ్లే.

మీ వార్తతో పాటు ఒక ఫోటో కూడా వేశారు. ట్యాంకర్ ఒరిగి ఉంది, దాని కింద రోడ్డు పక్క గుంట, గుంటలో నీళ్లలాంటిది మెరుస్తోంది, గట్టు మీద ముగ్గురు కుర్రాళ్లు కాళ్లు లోపలికి వేలాడేసుకుని కూర్చుని సెల్‌ఫోన్లలో తీస్తున్నారు, కాస్త అవతల ముక్కుకి ఏమీ లేకుండా ఒక కానిస్టేబులు. ఆ ఆవిరి పైకి పోదు, గుంటలోకే దిగుతుంది. ద్రవం నీళ్లకన్నా బరువు, భూమిలోకి ఇంకి బోరు నీళ్ల అడుక్కి పోతుంది. ట్యాంకర్ వెనకాల బోర్డు మీద నాలుగంకెల నంబరు ఉంటుంది, ఈసారి మీ విలేకరిని అది చదివి, ఆ కుర్రాళ్లని ముందు గట్టు మీంచి లేచి గుంటకి దూరంగా, గాలికి ఎదురు దిక్కుగా దూరంగా పొమ్మని చెప్పి, ఆ తర్వాత ఫోటో తీయమనండి.

ఇట్లు
ఒక రిటైర్డ్ షిఫ్ట్ ఇన్‌చార్జి
సంగారెడ్డి జిల్లా