సైలెంట్ షట్టర్ పరిమితులు దాచి మిర్రర్‌లెస్ బాడీలు అమ్మడంపై ఫిర్యాదు

కస్టమర్ సర్వీస్ విభాగాధిపతి గారికి,

విషయం: మీ 24 మెగాపిక్సెల్ ఫుల్‌ఫ్రేమ్ మిర్రర్‌లెస్ బాడీలతో తీసిన పెళ్లి ఫొటోల్లో చారలు పడటం, దానిపై మీ సర్వీస్ సెంటర్ జవాబు.

అయ్యా,

మీ అధీకృత డీలర్ దగ్గర కొన్న రెండు మిర్రర్‌లెస్ (లోపల అద్దం లేని కెమెరా) బాడీల గురించి ఈ లేఖ రాస్తున్నాం. రెండూ ఒకే మోడల్, రెండింటిలోనూ తాజా ఫర్మ్‌వేరే ఉంది. కల్యాణ మండపంలో ఎల్ఈడీ పార్ లైట్ల (స్టేజీ దీపాల) కింద సైలెంట్ షట్టర్‌తో (చప్పుడు లేని ఎలక్ట్రానిక్ షట్టర్) సెకనులో 1/500 వంతు స్పీడు దగ్గర తీస్తే ఫ్రేముకు అడ్డంగా ఐదు నల్లచారలు వస్తున్నాయి. ఒకటి పెళ్లికూతురి ముఖం మీద పడితే రెండు పట్టుచీర మీద పడతాయి. ఎడిటింగ్‌లో సర్దుకునే రకం కాదిది. ఒక్కో లైటు కింద చార అంచు ఒక్కో రంగుకు తిరుగుతుంది. సర్వీస్ సెంటర్ రెండుసార్లు పరీక్షించి జాబ్ కార్డు మీద ‘లోపం లేదు’ అని రాసింది. ఆ మాటతో మాకు పేచీ లేదు. కెమెరా చెడిపోలేదు, దాని తీరే అంత. ఆ సంగతి అమ్మేటప్పుడు చెప్పలేదన్నదే మా ఫిర్యాదు.

మన కరెంటు 50 హెర్ట్జ్. నాసిరకం డ్రైవరు (కరెంటును సర్దే సర్క్యూట్) ఉన్న ఎల్ఈడీ లైటు దాని మీద సెకనుకు 100 సార్లు పెరిగి తగ్గుతుంది, అంటే 10 మిల్లీసెకన్లకు ఒక విడత. సైలెంట్ షట్టర్‌లో సెన్సర్ ఫ్రేమంతటినీ ఒక్కసారిగా చదవదు, వరుస తర్వాత వరుసగా చదువుకుంటూ పోతుంది. ఐదు చారలు పడ్డాయంటే ఆ పని పూర్తికావడానికి దాదాపు 50 మిల్లీసెకన్లు, సెకనులో ఇరవయ్యో వంతు పడుతోందన్నమాట. షట్టర్ స్పీడు 1/500 పెట్టినా 1/4000 పెట్టినా ఈ ఇరవయ్యో వంతు మారదు. స్పీడు పెంచేకొద్దీ చారలు ఇంకా చిక్కగా కనబడతాయి, అంతే. ప్రొఫెషనల్ డీఎస్ఎల్ఆర్ (అద్దం ఉన్న పాత తరహా కెమెరా) మెకానికల్ షట్టర్‌లో తెరలాంటి కర్టెన్ ఫ్రేము దాటడానికి 4 మిల్లీసెకన్లకు మించి పట్టదు. ఫ్లాష్ సింక్ స్పీడు (ఫ్లాష్ ఫ్రేమంతటికీ అందే గరిష్ఠ షట్టర్ స్పీడు) 1/250 అనేది వచ్చిందే దాన్నుంచి. అంతసేపట్లో లైటు సగం విడత కూడా తిరగదు కాబట్టి చారల వరుస పడే అవకాశమే లేదు. మహా అయితే ఫ్రేముకో వెలుగు వస్తుంది, లేదా ఫ్రేములో ఒకపక్క మసకబారుతుంది. దానికి కూడా లైటు బాగా వెలిగే క్షణం కోసం ఆగి షట్టర్ వదిలే యాంటీ ఫ్లికర్ ఉంది. మీ మిర్రర్‌లెస్‌లోనూ అది ఉంది కానీ, సైలెంట్ ఆన్ చేయగానే ఆ మెనూ మసకబారి పనిచేయదు.

మీ ఇంజనీర్లు నమ్మకపోతే పది నిమిషాల పని. మెయిన్స్ మీద నడిచే, మినుకు ఎక్కువగా ఉన్న చవక ఎల్ఈడీ బల్బు వెలుగు ఒక తెల్లగోడ నిండా పడేలా పెట్టండి. కిటికీలు మూయండి. కెమెరాను అడ్డంగా పట్టుకుని మాన్యువల్‌లో 1/1000, ఐఎస్ఓ సరిపడా పెంచి, సైలెంట్‌లో ఒక ఫొటో తీయండి. నల్లచారలు లెక్కపెట్టి పదితో హెచ్చవేస్తే సెన్సర్ ఫ్రేమును చదివే (రీడౌట్) సమయం సుమారుగా మిల్లీసెకన్లలో వస్తుంది. వెంటనే మెకానికల్ షట్టర్‌కు మార్చి ఇంకొకటి తీసి, రెండూ పక్కపక్కన పెట్టి చూడండి. ఇలా తీసిన రా ఫైళ్లు (సెన్సర్ సమాచారం మార్చకుండా ఉంచే ఫైళ్లు), మండపంలో తీసినవి పెన్‌డ్రైవ్‌లో జత చేశాం.

చారలొక్కటే అయితే 1/100 పెట్టుకోమన్న మీ సలహాతో సరిపెట్టుకునేవాళ్లం. 1/100లో ప్రతి వరుసకూ ఒక పూర్తి విడత వెలుగు అందుతుంది కాబట్టి చారలు పోతాయి, నిజమే. కానీ 1/100లో తలంబ్రాలు గింజలుగా కనబడవు, గీతలై సాగుతాయి. పైగా పెళ్లిలో ఫ్లాష్ కొట్టేది మనమొక్కళ్లమే కాదు. అవతలి పక్షం ఫొటోగ్రాఫర్ ఫ్లాష్ వెలిగిన క్షణంలో మన కెమెరా సైలెంట్‌లో 1/200 మీద ఉంటే, ఫ్రేములో పదో వంతు మాత్రమే తెల్లటి పట్టీగా వెలిగి మిగతాది మామూలుగా ఉంటుంది. 50 మిల్లీసెకన్ల చదువులో ఆ క్షణాన తెరిచి ఉన్నది 5 మిల్లీసెకన్ల వరుసలే కదా. ఇక ఈ వరుసలవారీ చదువు వల్లే డోలు వాయించే కర్ర విల్లులా వంగి కనబడుతుంది. అసలు గట్టిమేళం మోగుతుంటే షట్టర్ చప్పుడు ఎవరికి వినబడుతుందో, ఆ ఘట్టానికి సైలెంట్ వాడమని మీ డెమోలో ఎందుకు చెప్పారో మాకు ఇప్పటికీ అంతుపట్టదు.

అన్ని మిర్రర్‌లెస్‌లూ ఇంతేనని మేం అనడం లేదు. 2021లో వచ్చిన నికాన్ జెడ్9 స్టాక్డ్ సెన్సర్‌తో (చాలా వేగంగా చదివే సెన్సర్) మెకానికల్ షట్టర్‌నే తీసేయగలిగింది. సోనీ ఏ9 త్రీని 2023లో గ్లోబల్ షట్టర్‌తో ప్రకటించారు, దానిలో వరుసలన్నీ ఒకేసారి వెలుగు అందుకుంటాయి. ఆ సెన్సర్లకు ఆ ధర ఉంది. మామూలు సెన్సరున్న బాడీకి కూడా ‘సైలెంట్ షట్టర్’ అని అదే మాట అచ్చువేస్తే, కొనేవాడికి తేడా ఎలా తెలుస్తుంది? బ్రోషర్‌లో సెకనుకు ఎన్ని ఫ్రేములో ఉంది, రీడౌట్ సమయం ఒక్కచోటా లేదు.

ఇంకో సంగతి. పాత ఫ్లాష్ యూనిట్లన్నీ పనిచేస్తాయన్నారు. వెలుగుతాయి, సరే. చీకట్లో ఫోకస్ కోసం ఫ్లాష్ వేసే ఎర్రటి గళ్ల వెలుగును మాత్రం ఈ బాడీ వాడుకోదు. బాడీ ముందున్న చిన్న దీపమే దిక్కు. 70–200 లెన్సుకు హుడ్ తగిలిస్తే ఆ దీపం వెలుగు హుడ్‌కే తగిలి ఆగిపోతుంది. రాత్రి బరాత్‌లో లెన్సు ముందుకీ వెనక్కీ తడుముకుంటూ ఉంటుంది.

డీఎస్ఎల్ఆర్‌కే తిరిగి వెళ్లమంటారేమో. పెంటాక్స్‌ను మినహాయిస్తే 2020 తర్వాత పెద్ద కంపెనీల నుంచి కొత్త ప్రొఫెషనల్ డీఎస్ఎల్ఆర్ రాలేదు. మీ పాత బాడీలకు షట్టర్ యూనిట్ అడిగితే స్టాక్ లేదంటున్నారు, ఎప్పుడొస్తుందో రాసివ్వడం లేదు. ఉన్నదానికి విడిభాగాలు ఆపి, కొత్తదాని పరిమితులు చెప్పకపోతే మేం ఎటు పోవాలి?

కాబట్టి, ఈ మోడల్‌లో ప్రతి షట్టర్ విధానానికీ రీడౌట్ సమయం ఎంతో, రా ఫైలు ఎన్ని బిట్లలో (ఛాయల సూక్ష్మత) వస్తుందో రాతపూర్వకంగా ఇచ్చి, బ్రోషర్‌లోనూ అచ్చువేయండి. సైలెంట్–మెకానికల్ మార్పును ఒకే కస్టమ్ బటన్‌కు పెట్టుకునే వీలు, సైలెంట్‌లో మినుకు లైటు తగిలితే వ్యూఫైండర్‌లో హెచ్చరిక ఫర్మ్‌వేర్‌తో ఇవ్వండి. ఈ రెండు బాడీలనూ వెనక్కి తీసుకుని, స్టాక్డ్ సెన్సర్ మోడల్‌కు బిల్లు ధర మొత్తం సర్దుబాటు చేయండి. ధరలో తేడా మేం కడతాం. పాత డీఎస్ఎల్ఆర్‌లకు విడిభాగాలు ఏ సంవత్సరం వరకు ఇస్తారో మోడల్ వారీగా చెప్పండి.

2019 వినియోగదారుల రక్షణ చట్టంలో తప్పుదోవ పట్టించే ప్రకటన నిర్వచనం కింద ముఖ్యమైన సమాచారాన్ని కావాలని దాచడం కూడా వస్తుంది. ఈ లేఖ అందిన 30 రోజుల్లో జవాబు రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో నమోదు చేసి, ఆ తర్వాత జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాం.

జతపరచినవి: రెండు బిల్లుల నకళ్లు, రెండు జాబ్ కార్డులు, పెన్‌డ్రైవ్ ఒకటి.

ఇట్లు,
పెళ్లి ఫొటోగ్రాఫర్లు,
కరీంనగర్