పోయిన సంపాదనను లెక్కలో ఉంచకండి: ఐర్లండ్ సామాజిక రక్షణ మంత్రికి బహిరంగ లేఖ

మంత్రి గారికి నమస్కారం.

ఈ లేఖ ఇంగ్లిషు ప్రతిని మీ కార్యాలయానికి విడిగా పంపుతున్నాను. డబ్లిన్‌లో మాలాంటి తెలుగు ఇళ్లు మరికొన్ని ఉన్నాయి, వాళ్లూ చదవాలని ఇది తెలుగులో రాస్తున్నాను.

మా అబ్బాయికి ఎనిమిదేళ్లు. నడవలేడు, మూర్ఛలు వస్తాయి. పొద్దున్నే మందును సిరంజితో కొలిచి బుగ్గలోకి కొద్దికొద్దిగా వదలాలి. తొందరపడితే పొలమారుతుంది, అంతా బయటికి వచ్చేస్తుంది, మళ్లీ ఎంత ఇవ్వాలో తెలియక నర్సుకు ఫోను చేయాలి. తీవ్ర వైకల్యం ఉన్న పిల్లల కోసం ప్రభుత్వం ఇచ్చే డొమిసిలియరీ కేర్ అలవెన్స్ వాడికి వస్తోంది. అంటే వాడి ఆరోగ్యం విషయంలో వాదన ఏమీ మిగల్లేదు. వాడిని చూసుకుంటున్న నాకు కేరర్స్ అలవెన్స్, అంటే ఇంటి ఆదాయం చూసి సంరక్షకులకు ఇచ్చే భృతి, వస్తుందా రాదా అన్నది మాత్రం మా ఆయన సంపాదన తేల్చాలి.

ఆయన సొంతంగా సాఫ్ట్‌వేర్ పనులు చేస్తారు. పెద్ద కాంట్రాక్టు నడిచినన్నాళ్లు మేము అలవెన్స్ ఊసే ఎత్తలేదు. గత శరదృతువులో అది ఆగిపోయింది. ఇప్పుడు చిన్న దుకాణాలకు వెబ్‌సైట్లు చేసి పెడుతున్నారు. ఒక నెల రెండు బిల్లులు, ఇంకో నెల ఒకటి, ఆ డబ్బు చేతికి వచ్చేది ఎప్పుడో.

ఉద్యోగికి పని గంటలు తగ్గితే కొత్త పే స్లిప్పు చూపిస్తాడు, అయిపోతుంది. సొంత పని చేసుకునేవాడికి అలాంటి కాగితం ఎవరిస్తారు? ఆయన దగ్గర ఉండేది ఆఖరిసారి వేసిన పన్ను రిటర్ను. ఒక ఏడాది రిటర్ను వేయడానికి గడువు మరుసటి ఏడాది అక్టోబరు 31. కాబట్టి 2026 వసంతంలో దరఖాస్తు పెట్టే చాలామంది చేతిలో ఉండేవి 2024 లెక్కలు, బాగా సంపాదించిన రోజుల లెక్కలు.

నిజానికి నిబంధన మా వైపే ఉంది. స్వయం ఉపాధిలో చూడవలసింది రాబోయే 12 నెలల్లో ఖర్చులు పోను వచ్చే ఆదాయం. కిందటేడాది అంకెలు దానికి సూచిక మాత్రమే. అయినా సూచికదే పెత్తనం అయిపోతే, పోయిన కాంట్రాక్టు కాగితం మీద బతికే ఉంటుంది.

కేరర్స్ బెనిఫిట్ అడగవచ్చు కదా అంటారు కొందరు. అది పని చేసేవాళ్లు కట్టే సామాజిక బీమా (పీఆర్‌ఎస్‌ఐ) చందాల మీద వచ్చేది, 104 వారాలకే పరిమితం. 2025 జనవరి నుంచి స్వయం ఉపాధి వారికీ ఇస్తున్నారు, మంచి పనే. కానీ కొడుకును చూసుకోవడానికి ఏనాడో ఉద్యోగం మానేసిన నాకు చందాలెక్కడివి? మా ఆయన తీసుకోవాలంటే ఆ కాస్త పనీ తగ్గించుకుని వాడి సంరక్షణ చేపట్టాలి.

కేరర్స్ అలవెన్స్‌కు దంపతుల ఆదాయంలో లెక్కలోకి తీసుకోని భాగాన్ని, అంటే వారానికి 1250 యూరోలుగా ఉన్న మినహాయింపును, 2026 జులై నుంచి 2000 చేస్తామని బడ్జెట్‌లో ప్రకటించారు. సంతోషించాను. ఈ ప్రభుత్వ కాలంలోనే ఆదాయ పరీక్షను పూర్తిగా ఎత్తేస్తామని కూడా మాట ఇచ్చారు. ఆ రోజు వస్తే ఈ లేఖ చించి పారేయండి. అంతవరకు, పరిమితి ఎంత అన్నదానికన్నా దానితో పోల్చేది ఏ ఏడాది ఆదాయం అన్నదే మాలాంటి వాళ్లకు ముఖ్యం.

నేను అడిగేది పెద్దదేమీ కాదు. ఆదాయం పడిపోయిందని దరఖాస్తులో చెప్పిన వాళ్ల దగ్గర గత మూడు నెలల బిల్లులు, బ్యాంకు స్టేట్‌మెంట్లు, కాంట్రాక్టు ముగిసిందన్న ఉత్తరం తీసుకుని వాటినే ప్రధాన ఆధారంగా చూడండి. తాత్కాలికంగా మంజూరు చేసి, ఆ ఏడాది రిటర్ను వచ్చాక సరిచూసుకోండి. ఎక్కువ ఇచ్చినట్టు తేలితే వాయిదాల్లో తీసుకోండి, ఎవరూ కాదనరు. తిరస్కరిస్తే మాత్రం ఏ ఏడాది అంకె తీసుకున్నారో, ఏ ఖర్చులు తీసేశారో ఉత్తరంలో లెక్క వేసి చూపండి. అంకె కనిపించకుండా అప్పీలు చేయమంటే దేని మీద చేయాలి?

2026లో నాలాంటి వారికి కేరర్స్ అలవెన్స్ పూర్తి మొత్తం వారానికి 270 యూరోలు. డబ్లిన్ అద్దెల ముందు అదేమంత సొమ్ము కాదని మీకూ తెలుసు. మాకు ఆదాయం ఉన్నప్పుడు అది అడగలేదు, ఇప్పుడు అడుగుతున్నాం. నిబంధనలో ఉన్నదే అమలు చేయడానికి కొత్త చట్టం అవసరం లేదనుకుంటాను. అధికారులకు ఒక సర్క్యులర్ సరిపోతుంది. దాన్ని ఎప్పటిలోగా పంపిస్తారో తెలియజేయగలరు.

ఇట్లు,
డబ్లిన్ నుంచి ఒక తల్లి