సముద్రం లెక్క చెన్నూరు దగ్గరే మొదలుపెట్టండి: పర్యావరణ శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన రాష్ట్ర పర్యావరణ, అటవీ శాఖ మంత్రి గారికి,

నమస్కారం.

సముద్రం గురించి కడప నుంచి ఉత్తరం రావడం మీ పేషీకి వింతగా అనిపించవచ్చు. కర్నూలు, అనంతపురం, కడప జిల్లాల్లో దేనికీ తీరం లేదు. కానీ నంది కొండల్లో పుట్టిన పెన్న అనంతపురం జిల్లా, కడప పక్కనున్న చెన్నూరు దాటుకుని మొత్తం 597 కిలోమీటర్లు నడిచి, నెల్లూరు జిల్లా ఊటుకూరు దగ్గర బంగాళాఖాతంలో కలుస్తుంది. కర్నూలును ఒరుసుకుని పోయే తుంగభద్ర కృష్ణలో చేరి హంసలదీవి దగ్గర సముద్రం దాకా వెళ్తుంది. అదే తుంగభద్ర నీళ్లు సుంకేసుల దగ్గర కర్నూలు-కడప (కేసీ) కాలువలోకి మళ్లి, కయ్యలు తడిపి, మిగిలింది మురుగుగా కుందూ నదిలోకి, అక్కడి నుంచి పెన్నలోకి దిగుతాయి. అంటే రెండు నదీముఖాల దగ్గరా మా ఊళ్ల వాటా ఉంది. నీళ్లతోపాటు పోయే ఎరువు, మురుగు, ఒండ్రుల్లో ఆ వాటా ఎంతో కొలిచి, తీరంలో పనిచేసే శాస్త్రవేత్తల చేతికి అదే వారంలో అందేలా చూడమని అడగడానికే ఈ ఉత్తరం.

ముందే ఒక మాట. సముద్రానికి నీళ్లు వదలమని మేం అడగడం లేదు. ఇన్ని టీఎంసీలు కడలిపాలయ్యాయన్న వార్త చూస్తే పళ్లు కొరుక్కునే జిల్లాలు మావి. ఆ కోపం ఊరికే పుట్టలేదు. సముద్రంలో కలిసిన ప్రతి చుక్కా వృథాయేనన్న మాటతో మాకు పేచీ ఉన్నా, దాన్ని ఇక్కడికి లాగం. గేట్లు ఎత్తక తప్పని రోజున నీళ్లతోపాటు ఏమేం పోతున్నాయో కొలవమంటున్నాం, అంతే.

చట్టం దృష్టిలో తీరం ఎక్కడిదాకా ఉందో మీకు తెలుసు. తీర నియంత్రణ మండలం (సీఆర్‌జెడ్) నిబంధనల ప్రకారం ఏటి వెంబడి పోటు ప్రభావాన్ని బాగా ఎండలున్న కాలంలో కొలుస్తారు. నీటిలో ఉప్పు వెయ్యికి 5 పాళ్లు ఉన్నచోటుతో ఆ గీత ఆగిపోతుంది. దానికి ఎగువన తీర పరిశోధన పడవ రాదు. దిగువకు మా నీటి పరీక్షల రిజిస్టరు చేరదు. యూరియా నుంచీ మురుగు నుంచీ నీటిలో కలిసి, సముద్రంలో నాచును పెంచే నత్రజనికి మాత్రం ఆ గీతతో పనిలేదు.

రెండు రిజిస్టర్లనూ పక్కపక్కన పెడితే మొదట అడ్డొచ్చేది యూనిట్లు. మా ప్రయోగశాలలు నత్రజని ఉన్న నైట్రేటును లీటరుకు మిల్లీగ్రాముల్లో, నైట్రేటు మొత్తం బరువుగా రాస్తాయి. తాగునీటికి పరిమితి 45. సముద్ర శాస్త్రవేత్తలు బరువును కాక అణువుల సంఖ్యను చెప్పే మైక్రోమోల్‌లలో, లీటరుకు ఇన్నని రాస్తారు. మా అంకెను 4.43తో భాగిస్తే అందులోని నత్రజని బరువు వస్తుంది, మా అంకెనే 16.1తో గుణిస్తే వాళ్ల అంకె వస్తుంది. నది నీటిలో నైట్రేటు 20 ఉంటే మా రిజిస్టరులో ‘పరిమితికి లోపల’ అని టిక్కు పడుతుంది. వాళ్ల లెక్కలో అది దాదాపు 320 మైక్రోమోల్. తీరానికి దూరంగా బంగాళాఖాతం పైనీటిలో నైట్రేటు దాదాపు సున్నా. తాగడానికి పనికొచ్చే నీరు సముద్రానికీ క్షేమమేనని అనుకోవడం ఇక్కడే తప్పుతుంది. ఇంకో విషయం: కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి తీరజలాలకు పెట్టిన ప్రమాణాల్లో ఆక్సిజన్, బీఓడీ (మలినాలను కుళ్లబెట్టడానికి సూక్ష్మజీవులు వాడుకునే ఆక్సిజన్), చమురు వంటివి ఉన్నాయి కానీ, నత్రజనికి, భాస్వరానికి గీత లేదు.

రెండో తప్పు గాఢత చూసి ప్రవాహాన్ని వదిలేయడం. లెక్క కష్టమైనదేమీ కాదు. క్యూసెక్కులను లీటరుకు ఉన్న మిల్లీగ్రాములతో గుణించి, దాన్ని మళ్లీ 2.45తో గుణిస్తే రోజుకు ఎన్ని కిలోలు పోతున్నాయో తెలుస్తుంది. ఎండాకాలంలో 200 క్యూసెక్కుల మురికి నీటిలో నత్రజని లీటరుకు 4 మి.గ్రా. ఉందనుకోండి, రోజుకు సుమారు 2 టన్నులు. వరదలో 10,000 క్యూసెక్కులు, చూడ్డానికి నయమనిపించే 1 మి.గ్రా. అనుకోండి, రోజుకు 24.5 టన్నులు. అంటే 45 కిలోల యూరియా బస్తాలు దాదాపు 1,180 ఒక్కరోజులో ఏట్లో కలిపినట్టు. నెలకోసారి, ముందే రాసుకున్న తేదీన తీసే శాంపిల్‌కు ఆ రోజు చిక్కదు. ఏడాది మొత్తం బరువులో పెద్ద భాగం కొద్ది వరద రోజుల్లోనే పోతుంది కాబట్టి, తేదీ ప్రకారం కాకుండా ప్రవాహం ప్రకారం శాంపిల్ తీయాలి. నీటిమట్టం పెరిగేటప్పుడు మూడు నాలుగు గంటలకోటి, తగ్గేటప్పుడు రోజుకొకటి చాలు. పొలాలు, వీధులు కడిగిన తొలి నీళ్లు పెరిగే వరదలోనే ఉంటాయి.

తీరంలో ఈ అంకె దేనికి పనికొస్తుందో చెప్పాలి, ఎందుకంటే నెల్లూరు తీరంలో చేపలు చచ్చిపోయిన ప్రతిసారీ ఒకళ్లు రొయ్యల చెరువులను, ఒకళ్లు ఊరి మురుగును, ఇంకొకళ్లు ఎగువ జిల్లాలను అంటారు. దీన్ని తేల్చే పద్ధతి ఒకటుంది. నదీముఖంలో మంచినీటి కొస నుంచి సముద్రం కొస దాకా పది పన్నెండు చోట్ల నీళ్లు తీసి, ప్రతి శాంపిల్‌లో ఉప్పదనం, నైట్రేటు రెండూ కొలిచి గ్రాఫు గీస్తారు. కలవడం తప్ప మరేమీ జరగకపోతే చుక్కలన్నీ ఒకే సరళరేఖ మీద పడతాయి. నదిలో 40 మైక్రోమోల్, ఉప్పు వెయ్యికి 34 పాళ్లు ఉన్న సముద్రంలో 2 అనుకుంటే, ఉప్పు 17 ఉన్నచోట 21 రావాలి. అక్కడ 35 వచ్చిందంటే అదనపు 14 నదీముఖంలోనే ఎక్కడో కలిసింది: చెరువుల నీరో, ఊరి మురుగో, అడుగు బురదో. 10 వస్తే నాచు తినేసిందని, లేదా బురదలోని బ్యాక్టీరియా దాన్ని వాయువుగా మార్చేసిందని అర్థం. నది కొస అంకె తప్పయితే మాత్రం రేఖ మొత్తం జారిపోతుంది, నేరం తప్పు మనిషి మీద పడుతుంది. ఆ కొస అంకె నెల్లూరులోనూ తీయొచ్చు. కానీ అది పోతున్నదెంతో చెబుతుంది గాని, ఏ వంక నుంచి వచ్చిందో చెప్పదు. ఇక సముద్రం కొస కూడా స్థిరమైనది కాదు. అక్టోబర్ తర్వాత తూర్పు తీర ప్రవాహం దక్షిణానికి మళ్లి, కృష్ణా గోదావరి నీళ్లను తీరం వెంబడి కిందికి తెస్తుంది. పెన్నకు వరదొచ్చేదీ సరిగ్గా అప్పుడే. అందుకే రెండు కొసలూ ఒకే వారంలో కొలవాలి.

ఉపగ్రహం ఉందిగా అని మీ అధికారులు అనవచ్చు. హైదరాబాదులోని జాతీయ సముద్ర సమాచార కేంద్రం (ఇన్‌కాయిస్) సముద్రపు రంగు చూసి పత్రహరితాన్ని లెక్కగట్టి, నాచు ఎక్కడ పెరుగుతోందో చెబుతోంది. మంచి సేవ. కానీ వరద నీటి ఒండ్రూ, కుళ్లిన ఆకుల గోధుమ రంగూ తీరానికి దగ్గర్లో ఆ లెక్కను తికమక పెడతాయి. మట్టినీళ్లు నాచులా కనబడవచ్చు. నవంబర్‌లో పైన మబ్బులే ఉంటే అదీ కనబడదు. చిత్రం చెడిపోయే రోజుల్లోనే ఏటి ఒండ్రు లెక్క అక్కరకొస్తుంది. చెన్నైలోని జాతీయ తీర పరిశోధన కేంద్రం తీరజలాల నాణ్యతను ఏళ్లుగా కొలుస్తోంది. జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ ప్రాంతీయ కేంద్రం విశాఖలోనే ఉంది. మనుషులున్నారు, పరికరాలున్నాయి. వాళ్లకు ఎగువ నుంచి అంకెలు పంపడమే మిగిలింది.

నత్రజనిని మాత్రమే కొలిస్తే సగం కథే తెలుస్తుంది. చేపలకు మేలు చేసే డయాటమ్ అనే నాచుకు నత్రజనితో దాదాపు సమానంగా సిలికా కావాలి. జలాశయంలో నీళ్లు నెలల తరబడి నిలిచినప్పుడు డయాటమ్‌లు అక్కడే పెరిగి, చచ్చి, సిలికాతో సహా అడుక్కి దిగిపోతాయి. దిగువకు నత్రజని చేరినంతగా సిలికా చేరదు. అప్పుడు సముద్రంలో సిలికా అక్కర్లేని నాచులకు వీలు పెరుగుతుంది. వాటిలో కొన్ని విషం చిమ్మేవి. ఒండ్రుదీ ఇదే తీరు. విజయవాడ దగ్గర కృష్ణ మోసుకెళ్లే ఒండ్రు 1960ల చివర్లో ఏడాదికి సుమారు 90 లక్షల టన్నులుండగా, 2000 తర్వాత 4 లక్షల టన్నుల స్థాయికి పడిపోయింది. డెల్టా అంచు కోతకు అదో పెద్ద కారణం. లోతున ఇంకో చిక్కు ఉంది. బంగాళాఖాతంలో 100 మీటర్ల దిగువ నుంచి కొన్ని వందల మీటర్ల దాకా ఆక్సిజన్ దాదాపు లేని పొర ఉంది. అరేబియా సముద్రంలో అలాంటి పొరలో నైట్రేటు పెద్దఎత్తున వాయువుగా మారిపోతోంది. ఇక్కడ మిగిలిన లేశమాత్రపు ఆక్సిజనే దాన్ని ఆపుతోందని 2016లో వెలువడ్డ పరిశోధన చూపింది. పైన నాచు పెరిగి అడుక్కి రాలేకొద్దీ ఆ లేశమూ ఖర్చవుతుంది.

ఎక్కడ కొలవాలి? కేంద్ర జల సంఘానికి కుందూ మీద అల్లాడుపల్లె, పాపఘ్ని మీద కమలాపురం, పెన్న మీద తాడిపత్రి, చెన్నూరు, తుంగభద్ర మీద బావాపురం దగ్గర ప్రవాహం కొలిచే కేంద్రాలున్నాయి. వీటికి రెండు కలపాలి. చెయ్యేరు చెన్నూరు దాటాకే పెన్నలో కలుస్తుంది కనుక దానికి విడిగా ఒకటి. హంద్రీ కలిశాక కర్నూలు దిగువన మరొకటి. 2021 నవంబర్ 19న చెయ్యేరు మీది అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట తెగినప్పటిలాంటి రోజున ఎవరూ సీసా పట్టుకుని ఏటి గట్టున నిలబడకూడదు, ఆ రోజు పని ప్రాణాలు కాపాడటం. అందుకే చెయ్యేరుకు 24 సీసాల ఆటోమేటిక్ శాంప్లర్ వరద అందనంత ఎత్తులో పెట్టాలి.

సీసా దగ్గర జరిగే తప్పులు చిన్నవే గాని మొత్తం లెక్కను చెడగొడతాయి. భారలోహాల పరీక్షకు నైట్రిక్ ఆమ్లం వేసి ఉంచిన సీసాలో నైట్రేటు శాంపిల్ పడితే అంకె ఆకాశానికి పోతుంది. సబ్బుతో కడిగిన సీసా భాస్వరాన్ని పెంచి చూపవచ్చు. పది శాతం హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో కడిగి డిస్టిల్డ్ నీటితో తొలచాలి. కరిగిన పోషకాలకు ఏటి గట్టునే 0.45 మైక్రాన్ ఫిల్టర్‌లో వడకట్టాలి, లేకపోతే దారిలోనే సూక్ష్మజీవులు వాటిని తినేస్తాయి. వడకట్టని శాంపిల్ కూడా ఒకటి ఉంచాలి; వరదలో భాస్వరం ఎక్కువగా ఒండ్రుకే అంటుకుని పోతుంది, ఉప్పునీరు తగిలాక అందులో కొంత వదులుతుంది. నైట్రేటు సీసా మైనస్ 20 డిగ్రీల ఫ్రీజర్‌లోకి, సిలికా సీసా 4 డిగ్రీల ఫ్రిజ్‌లోకి. గడ్డకడితే సిలికా అణువులు ఒకదానికొకటి అతుక్కుని తక్కువ చూపిస్తాయి. ఆక్సిజన్ పరీక్షకు రసాయనాలు నీళ్లు తీసినచోటే కలపాలి, శాంపిల్ తెల్లవారుజామున తీయాలి. మధ్యాహ్నం నాచే ఆక్సిజన్ వదులుతుంది కాబట్టి, ఆఫీసు వేళల్లో తీసిన శాంపిల్‌లో జబ్బు ఏటికి కూడా ఆరోగ్యమే కనిపిస్తుంది.

ఎగువన తగ్గించే మార్గాలు కొత్తవేమీ కావు. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2018 నాటి కలుషిత నదుల జాబితాలో తుంగభద్ర, కుందూ రెండూ ఉన్నాయి. మురుగుశుద్ధి కేంద్రాలకు 2017 అక్టోబర్ నోటిఫికేషన్‌లో నత్రజని పరిమితి లేదు. 2019 ఏప్రిల్ 30న జాతీయ హరిత ట్రిబ్యునల్ లీటరుకు మొత్తం నత్రజని 10 మి.గ్రా. మించకూడదంది. గాలి ఊది బీఓడీని 10కి దించిన కేంద్రం కూడా అమోనియాను నైట్రేటుగా మార్చి అలాగే వదిలేయగలదు. గాలి అందని గది ఒకటి ముందు కట్టి, నైట్రేటు నీళ్లను దానిలోకి వెనక్కి తిప్పితేనే నత్రజని వాయువుగా పోతుంది. కర్నూలు, కడప, నంద్యాల, ప్రొద్దుటూరుల్లో ఇకమీదట పిలిచే టెండర్లలో ఈ ఒక్క షరతు రాయించండి. కట్టాక మార్చడం ఖరీదు. పొలంలో అయితే యూరియా వేసేముందు మడిలో నీళ్లు తీసి, వేశాక 36 నుంచి 48 గంటలు ఆగి నీళ్లు పెట్టమని వ్యవసాయ అధికారులు చెబుతూనే ఉన్నారు. కేసీ కాలువ వంతుల తేదీలు ముందే ఖాయంగా తెలిస్తే తప్ప రైతు అది పాటించలేడు. నీళ్లు మళ్లీ ఎప్పుడొస్తాయో తెలియనివాడు మడి ఎందుకు ఆరబెడతాడు? ఇది జలవనరుల శాఖతో మీరు మాట్లాడాల్సిన విషయం.

మీ నుంచి మాకు కావలసింది ఒక్క ఉత్తర్వు. కాలుష్య నియంత్రణ మండలి, జలవనరుల శాఖ, మత్స్యశాఖ ఒకే పట్టికలో రాయాలి: ప్రవాహం క్యూసెక్కుల్లో, నత్రజని ‘నత్రజనిగా’, భాస్వరం ‘భాస్వరంగా’, సిలికా, ఒండ్రు, తీసిన గంట. సోమశిల, ప్రకాశం బ్యారేజీ గేట్లు ఎత్తిన సమాచారం అదే గంటలో ఇన్‌కాయిస్‌కు, నెల్లూరు, కృష్ణా, బాపట్ల జిల్లాల మత్స్యశాఖకు వెళ్లాలి. పట్టికను ప్రజలకూ తెరిచి ఉంచాలి. మా ప్రయోగశాలల్లో కలరీమీటర్లు, ఫ్రీజర్లు ఉన్నాయి. వరద రోజుల్లో శాంపిల్‌లు మోయడానికి వాహనం, రాత్రి డ్యూటీకి అనుమతి లేవు. ఈశాన్య రుతుపవనాలు అక్టోబర్‌లో మొదలవుతాయి. సెప్టెంబర్ నెలాఖరులోగా ఆ అనుమతి వస్తే ఈ సంవత్సరపు తొలి వరద నుంచే కొలవగలం.

ఇట్లు,
కడప, కర్నూలు, అనంతపురం జిల్లాల్లో నీటి పరీక్షలు చేసే, రసాయన శాస్త్రం బోధించే కొందరు
కడప