ఆ నాటికలో జవాన్లను కించపరచలేదు

సంపాదకులకు నమస్కారం.

చిక్కడపల్లిలో ఈమధ్య కాలేజీ పిల్లలు వేసిన రెండు నాటికల గురించి ఒక పాఠకుడు రాసిన ఉత్తరం మీ పత్రికలో చదివాను. సరిహద్దులో ప్రాణాలొడ్డే జవాన్లను నవ్వులాటకు వాడుకున్నారని ఆయన బాధపడ్డారు. ఆయన బాధను నేను తప్పుపట్టను. కానీ ఆ సాయంత్రం నేనూ అదే హాల్లో మూడో వరసలో కూర్చున్నాను. 18 ఏళ్లు సైన్యంలో ఫోన్ లైన్లు చూసే సిగ్నల్స్ విభాగంలో లైన్‌మన్‌గా పనిచేసి, 2006లో హవల్దార్‌గా రిటైరయ్యాను. నన్ను ఎవరో కించపరిచారని నాకు ఒక్క క్షణం కూడా అనిపించలేదు.

మొదటి నాటిక స్పెయిన్ రచయిత ఫెర్నాండో అరబాల్ రాసిన ‘యుద్ధభూమిలో పిక్నిక్’. 1952లో రాశాడు, పారిస్‌లో 1959లో ఆడారు. జాపో అనే కుర్రాడు కందకంలో ఒక్కడే ఉంటాడు. పొద్దుపోక స్వెటర్ అల్లుకుంటుంటాడు. తోడెవరినైనా పంపమని, కనీసం ఆ మేకనైనా పంపమని కెప్టెన్‌ను ఫోన్‌లో బతిమాలుకుంటాడు. ఇంతలో ఆదివారం కదా అని వాళ్ల అమ్మానాన్నలు తిండి మూట కట్టుకుని కొడుకును చూడటానికి యుద్ధభూమికే వచ్చేస్తారు. మన పిల్లలు ఆ మూటను స్టీల్ క్యారియర్ చేశారు. అందులో పులిహోర, పెరుగన్నం. బాంబులు కాస్త ఆగగానే ఆ తల్లి కొడుకు చెవి పట్టుకుని పక్కకు తిప్పి, వెనకాల శుభ్రంగా కడుక్కున్నావా లేదా అని చూసింది. హాలంతా ఒక్కసారిగా నవ్వింది. నాకు మాత్రం గొంతు పట్టేసింది.

ఎందుకో చెప్పాలి. 1999 జూన్‌లో, కార్గిల్ యుద్ధమప్పుడు, మేము ద్రాస్ దగ్గర ఉన్నాం. 56 ఏపీఓ (సైన్యం పోస్టాఫీసు) అడ్రసుకు మా అమ్మ ఊరి నుంచి మామిడికాయ తొక్కు పంపింది. హార్లిక్స్ సీసాలో పెట్టి, మూతి మీద పాత చీర ముక్క కట్టి, పైన ఇంకో గుడ్డ కుట్టింది. నూనె కారి నా పేరు సగం చెరిగిపోయింది, నంబరు మాత్రం మిగిలింది. లోపల పక్కింటి పిల్లాడితో రాయించిన ఉత్తరం. ‘చెవులకు గుడ్డ కట్టుకో కొడుకా, తలకు నూనె పెట్టుకో, ఎవరితోని కొట్లాడకు’ అని ఉంది. టార్చిలైటు వెలుగులో చదివి, పక్కనున్న వాళ్లకు హిందీలో చెప్పాను. ఎవరితోనూ కొట్లాడకు అన్న ముక్క దగ్గర బంకర్‌లో ఐదుగురం కళ్లలో నీళ్లు తిరిగేదాకా నవ్వాం. బయట ఫిరంగి గుండ్లు పడుతూనే ఉన్నాయి. రొట్టెల్లో ఆ తొక్కు నంజుకు తిన్న ఐదుగురిలో ఇద్దరు ఆ నెల దాటలేదు.

ఆ నవ్వు వాళ్లను అవమానించిందా? మా అమ్మను అవమానించిందా?

విమానాలు వచ్చినప్పుడు ఆ దంపతులు గొడుగు విప్పుకుని కూర్చోవడం మరీ విడ్డూరంగా ఉందని ఆ పాఠకుడు రాశారు. షెల్లింగ్ జరుగుతుంటే, అంటే ఫిరంగి గుండ్లు పడుతుంటే, మెస్‌టిన్ (అన్నం తినే రేకు గిన్నె) తల మీద పెట్టుకుని కూర్చున్న మనిషిని నేను చూశాను. దానితో ఏదీ ఆగదని అతనికీ తెలుసు. ఆ సమయంలో చేతులు ఊరికే ఉండలేవు, ఏదో ఒకటి పట్టుకోవాలి.

ఈ నాటిక రాసిన మనిషి ఎవరో కూడా తెలియాలి. అరబాల్ తండ్రి సైనికాధికారి. 1936లో స్పెయిన్ ప్రభుత్వం మీద తిరుగుబాటు చేసిన సైన్యంతో కలవనన్నందుకు ఆయనకు మరణశిక్ష వేసి, తర్వాత 30 ఏళ్ల జైలుగా మార్చారు. 1942లో బుర్గోస్‌లోని ఆసుపత్రి నుంచి తప్పించుకున్న ఆయన మళ్లీ ఎవరికీ కనిపించలేదు. సైనికుడి కొడుకు రాసిన నాటిక ఇది. అందులో పట్టుబడిన శత్రు సైనికుడు జేపో కూడా జాపో లాంటివాడే. ఇతను స్వెటర్ అల్లితే అతను గుడ్డముక్కలతో పూలు చేస్తాడు. అంతమందిలో చెడ్డవాడంటూ ఒక్కడూ కనిపించడు.

రెండోది పోలండ్ రచయిత మ్రోజెక్ 1961లో రాసిన ‘నడిసముద్రంలో’. తెప్ప మీద ముగ్గురు, తిండి అయిపోయింది, ఇప్పుడు ఎవరిని తినాలన్నది ప్రశ్న. దానికి ఉపన్యాసాలు, ఎన్నికలు. బక్కవాడు చివరికి తనంతట తానే త్యాగానికి సిద్ధమైపోతాడు, అప్పుడే మూలన తిండి డబ్బా ఒకటి దొరుకుతుంది, లావాటివాడు దాన్ని బయటపెట్టనివ్వడు. పిల్లలు బాగా చేశారు. దీని గురించి ఇంతకంటే చెప్పను, నా మనసంతా మొదటిదాని మీదే ఉంది.

నన్ను నొప్పించిన విషయం ఒకటుంది, అది చెప్పడానికే ఈ ఉత్తరం. ఆ మొదటి నాటిక చివర్లో అందరూ కలిసి డాన్స్ చేస్తుంటారు. శత్రువు కూడా. మెషిన్‌గన్ మోగుతుంది, అందరూ పడిపోతారు, పాట మాత్రం ఆగదు. శవాలు మోసుకెళ్లేవాళ్లు స్ట్రెచర్ పట్టుకుని వస్తారు. అక్కడితో అయిపోవాలి. కానీ లైట్లు వెలిగాయి, ఒక అబ్బాయి మైకు అందుకుని శాంతి ఎంత అవసరమో ఐదు నిమిషాలు చెప్పాడు. అప్పటిదాకా ఊపిరి బిగబట్టిన జనం ఫోన్లు తీశారు, బండి తాళాలు వెతుక్కున్నారు. తర్వాత ఆ అబ్బాయినే అడిగాను. "ఏం చేయమంటారు అంకుల్, ఒక పోటీలో సందేశం లేదని మార్కులు తగ్గించారు, అందుకే కలిపాం" అన్నాడు పాపం.

న్యాయనిర్ణేతలుగా కూర్చునే పెద్దలకు ఒక్క మాట. షెల్లింగ్ ఆగాక మా పని లైన్ చూసుకోవడం. ఫీల్డ్ ఫోన్ హ్యాండిల్ తిప్పి, రిసీవర్ చెవికి ఆనించి, అవతల పోస్టు నుంచి ఎవరైనా పలుకుతారేమోనని వినేవాళ్లం. ఒక్కోసారి ఎవరూ పలికేవారు కాదు. లైన్ తెగిందా, మనిషి లేడా? వెళ్లి చూస్తే తప్ప తెలియదు. ఆ నాటికలో పాట మోగుతూ మనుషులు లేవకుండా ఉన్న ఆ అర నిమిషంలో నాకు ఆ రిసీవరే గుర్తొచ్చింది. దయచేసి ఆ అర నిమిషాన్ని పిల్లల దగ్గర నుంచి లాక్కోకండి.

అల్వాల్‌లో మా మాజీ సైనికుల కాలనీకి చిన్న హాలుంది. ఆ పిల్లలు వచ్చి ఉపన్యాసం లేకుండా మరోసారి ఆడాలని నా కోరిక. మా అమ్మకు ఇప్పుడు 82 ఏళ్లు. కథంతా చెబితే విని, "ఆ తల్లి ఏమేం పట్టుకపోయింది కొడుకా?" అని అడిగింది. పులిహోర, పెరుగన్నం అన్నాను. తొక్కు లేదా అని నొచ్చుకుంది. చూడాలంటోంది. ఆమె మెట్లు ఎక్కలేదు, మా హాలు కింది అంతస్తులోనే ఉంది. పిల్లలు తేదీ చెబితే చాలు, కుర్చీలు మేము వేస్తాం.

– ఒక విశ్రాంత హవల్దార్,
అల్వాల్, హైదరాబాద్